శ్రీ అన్న పేరుతో ఒకే ఒక్క ఫైలు

గుడివాడలో ఒక కాలేజీలో నేను కంప్యూటర్లు చెబుతాను. ఉండేది మాత్రం బందరులో, ఒక మేడమీది రెండు గదుల వాటాలో. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లడం, సాయంత్రం ఇంకో పాసింజరులో తిరిగి రావడం. ఇంట్లో నేనొక్కదాన్నే. ఈ మాట చెప్పగానే కొందరు "అయ్యో" అంటారు, కొందరు "ఎంత హాయండీ మీకు" అంటారు. రెండు రకాలవాళ్లను చూసినా నాకు ఒళ్లు మండుతుంది. అయ్యో అన్నవాళ్లు ఆ తర్వాత ఒక్కసారి కూడా తలుపు తట్టరు. హాయి అన్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం నా గదిలో ఒక్క గంట కూర్చుని చూడాలి.

ఆ రైల్లోనే అక్క పరిచయమైంది. సొంత అక్క కాదు. మా కాలేజీలోనే జువాలజీ చెప్పేది, వయసులో నాకంటే బాగా పెద్ద. దివిసీమలో, కోడూరు అవతల, సముద్రం మీద వేటకు వెళ్లే ఇంట్లో పుట్టి, ఆ ఇంటినుంచి మొదటగా కాలేజీ మెట్లెక్కిన మనిషి. ఉద్యోగం కోసం బందరులో గది తీసుకుని ఉండేది. మొదట్లో ఆవిడ నాకు మేడం. నెల తిరిగేసరికి అక్కా, మీరు. ఆ తర్వాత ఒక వానాకాలం పొద్దున, రైలు కిటికీ తలుపు ఎంత లాగినా పడక ఇద్దరం తడిసి ముద్దయినప్పుడు, మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

బండి చిలకలపూడి దాటకముందే మా కబుర్లు మొదలయ్యేవి. పెడన వచ్చేసరికి కాలేజీ వాళ్లందర్నీ కడిగి ఆరేసేవాళ్లం. కవుతరం దగ్గర సొంత సంగతుల్లోకి దిగేవాళ్లం. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, నేను చేసుకుని బయటికొచ్చేశాను. ఆ రెంటిలో ఏది నయమో గుడివాడ స్టేషను వచ్చేదాకా వాదించుకున్నా తేలేది కాదు. నేనేదైనా చెబితే అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, భుజాలు మాత్రం ఊగేలా నవ్వేది. ఆ భుజాలు ఊగడం చూడాలనే నేను రోజంతా కళ్లూ చెవులూ విప్పుకుని తిరిగేదాన్ని.

రిటైరయ్యాక అక్క కోడూరు వెళ్లిపోయింది, తమ్ముడి కుటుంబంతో ఉండటానికి. మర్నాడు రైల్లో ఆవిడ సీట్లో ఎవరో పెద్దమనిషి కూర్చుని పేపరు విప్పుకున్నాడు. ఆయన తప్పేం లేదు. అయినా ఆయన్ని చూస్తే నాకు కోపమొచ్చింది. ఆరోజే కాలేజీలో హాజరు మెషీను ప్రిన్సిపాలు గారి వేలిని గుర్తుపట్టలేదు. ఆయన వేలు తుడుచుకుని, చొక్కాకి రుద్దుకుని, చివరికి ఊది మరీ పెట్టినా అది ఎర్ర లైటే వేసింది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే మా అందరి దగ్గరా సంజాయిషీ రాయించుకునే మనిషి, ఆవేళ తనకు తానే సంజాయిషీ రాసుకుని తానే సంతకం పెట్టి తీసుకున్నాడు. అంత మంచి సంగతి దొరికితే, సాయంత్రం బండిలో చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. గుడ్లవల్లేరు దాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పి చూశాను. అక్కకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి ఫోను దగ్గర మొండికేస్తుంది. దానికి తోడు వాళ్ల ఊళ్లో సిగ్నలు గాలివాటం. "ఆఁ? ఏంటీ? మళ్లీ చెప్పు" అని రెండు మూడుసార్లు అడిగించుకున్నాక ఎంత హాస్యమైనా నీరుగారిపోతుంది. ఎదురుగా, కాస్త కుడిపక్కకు కూర్చుని, పెదాలు కనిపించేలా మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క పోనివ్వదు. అందుకని మనిషి వెళ్లాల్సిందే. బందరు నుంచి అవనిగడ్డకు ఒక బస్సు, అక్కణ్నుంచి కోడూరుకి ఇంకొకటి. కాలేజీకి వరసగా సెలవులిస్తే తప్ప కుదరదు. అప్పటిదాకా ఈ సంగతులన్నీ ఎక్కడో ఒకచోట దాచుకోవాలి.

నా అవసరం చిన్నదే. కాలేజీలో విండోస్ కంప్యూటరు. ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. రైల్లో ఫోనులో మొదలుపెట్టిన వాక్యం ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో పూర్తి చెయ్యగలగాలి. ఇంతే. ఈ ఇంతే కోసం నేను పెట్టి తీసేసిన యాప్‌లకు లెక్క లేదు. ఒకటి ఫోనులో బంగారం, లినక్స్ అంటే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఇంకొకటి అన్నిట్లోనూ నడుస్తుంది గానీ, తెలుగులో ఒక వత్తు తప్పు పడి చెరపబోతే అక్షరం మొత్తాన్ని మింగేస్తుంది. మరొకదానిలో "గుడివాడ" అని వెతికితే అలాంటిదేమీ లేదంటుంది, ఆ మాట నా కళ్లెదురుగానే కనిపిస్తుంటే. వీటిని తయారుచేసేవాళ్లలో ఒక్కరికైనా తెలుగులో రాసుకునే మేనత్త ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు.

చివరికి ఒకటి దొరికింది. అవుట్‌లైనర్ అంటారు ఆ రకాన్ని. ఒక మాట కింద ఇంకో మాట, దాని కింద మరొకటి, కుడివైపుకు జరుపుతూ రాసుకుంటూ పోవచ్చు. పై మాట పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే కిందివన్నీ మడతలోకి పోయి పై మాట ఒక్కటే మిగులుతుంది. మళ్లీ నొక్కితే విచ్చుకుంటాయి. మూడు యంత్రాల్లోనూ నడిచేది. వత్తుల జోలికి పోయేది కాదు. నాకు అది నచ్చిందని ఎవరికైనా చెబుదామనిపించింది. చెప్పడానికి అక్క దగ్గర లేదు కాబట్టి, దాని సంగతి కూడా దానిలోనే రాసుకున్నాను.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఒక నోటు రాసేదాన్ని. మొదటి లైనులో "శ్రీ". మా నాన్న బడి హెడ్మాస్టరు, ఆయన నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా పైన శ్రీ పడకుండా కింద అక్షరం పడేది కాదు. లెక్కల హోంవర్కయినా, పాలమనిషికి రాసే చీటీ అయినా అంతే. శ్రీ లేకపోతే నాన్న ఆ కాగితాన్ని చదవకుండానే వెనక్కి ఇచ్చేవారు. ఆయన పోయి చాలాకాలమైంది. దేవుడి విషయంలో నాకు ఆయనంత పట్టింపూ లేదు. చేతికి మాత్రం అలవాటు పోలేదు. పెన్ను పోయి కీబోర్డు వచ్చినా, వేలు ముందు శ్రీ కొట్టి, ఎంటర్ నొక్కి, అప్పుడు గానీ ముందుకు కదలదు. మొదటి లైనునే ఆ యాప్ నోటుకు పేరుగా తీసుకునేది. అలా నా నోట్లన్నిటి పేరూ శ్రీయే అయింది. తేదీల వరసలో కనిపించేవి గనక దానివల్ల నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు.

శ్రీ కింద రెండు మాటలుండేవి. మొదటిది "అక్కకి చెప్పాలి". దాని కింద ఆరోజు దొరికిన సంగతులు: ప్రిన్సిపాలు గారి వేలు, గుడ్లవల్లేరు ప్లాట్‌ఫాం మీద జామకాయలమ్మే ఆవిడ ఇంజను డ్రైవరుని తిట్టిన తిట్లు, ల్యాబులో మౌసు పనిచెయ్యడం లేదని దాన్ని నీళ్లతో కడిగిన కుర్రాడు. రెండోది "అక్కకి చెప్పనివి". దాని కింద రాసిందాన్ని వెంటనే మడత పెట్టేసేదాన్ని. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు మంచినీళ్ల బిందె దాకా గోడ పట్టుకుని వెళ్లానని. కూర ఎంత తక్కువ వండినా మిగిలిపోతోందని. ఇలాంటివి ఆవిడకు చెప్పి ఏం లాభం? అంత దూరం నుంచి ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, బాధపడటం తప్ప. నేను వెళ్లేది నవ్వించడానికి, ఏడిపించడానికి కాదు.

సెలవులకు కోడూరు వెళ్తే అదొక పద్ధతిగా జరిగేది. భోజనాలయ్యాక అక్క తమ్ముడు తన ఆటోలో మమ్మల్ని పాలకాయతిప్ప తీసుకెళ్లి దింపేవాడు. సముద్రపు ఒడ్డున సరుగుడు చెట్ల నీడలో తువ్వాలు పరుచుకుని, నేను అక్క కుడిపక్కన కూర్చుని, ఫోను చూసి ఒక్కొక్కటే చదివేదాన్ని. మడతల జోలికి వెళ్లేదాన్ని కాదు. అక్క భుజాలు ఊగేవి. రానురాను అక్క మోకాళ్లూ, మా కాలేజీ పరీక్షల డ్యూటీలూ కలిసి ఆ వెళ్లడాలు తగ్గిపోయాయి. చెప్పాల్సినవి మాత్రం పేరుకుపోతూనే ఉన్నాయి. అయినా నాకు దిగులుండేది కాదు. ఈసారి కాకపోతే వచ్చేసారి, అన్నీ భద్రంగా ఉన్నాయి కదా అనుకునేదాన్ని.

మొన్న దసరాకు ముందు ఆ యాప్ వాళ్లనుంచి మెయిలు వచ్చింది. "ఇన్నాళ్ల మా ప్రయాణంలో తోడున్నందుకు కృతజ్ఞతలు" అని మొదలైంది. అలా మొదలైందంటే ఇక అర్థం చేసుకోవాలి. ఇంకేదో పెద్ద కంపెనీ వాళ్లను కొనేసుకుందట, ఈ యాప్ మూసేస్తారట, ఫలానా తేదీలోపు ఎవరి రాతలు వాళ్లు దించుకుపోవాలట. "మీ ప్రయాణం సరేనయ్యా, మరి నాదో?" అని గదిలో గట్టిగానే అరిచాను. కింది వాటావాళ్లు విని ఉంటారు. ఎవరూ పైకి రాలేదు.

సరిగ్గా అదే వారంలో మా కాలేజీలో సెమినారు పెట్టారు. నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ల భవిష్యత్తు గురించి మాట్లాడమని ప్రిన్సిపాలు గారు నన్నడిగారు. మంచి మంటలో ఉన్నానేమో, రెచ్చిపోయి మాట్లాడాను. ఈ యాప్‌లన్నీ అద్దె వాటాలండీ, గోడకు మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి, పొమ్మంటే సామాను సర్దుకోవాలి అన్నాను. ఇప్పుడొచ్చే వాటిల్లో ఏఐ పెడుతున్నారు, మీరు ఏడాదిపాటు రాసుకున్నదాన్ని మూడు ముక్కల్లో చెప్పేస్తుందట, మూడు ముక్కలే అయితే ఏడాది ఎందుకు రాసినట్టు అన్నాను. అన్ని యంత్రాల్లో నడవడం గొప్ప కాదు, ఆ కంపెనీ పోయాక కూడా మీ రాత తెరుచుకోవడం గొప్ప. రేపు నిలబడేవి ఏ హంగూ లేని మామూలు టెక్స్ట్ ఫైళ్లే, మీ ఫైలు మీ చేతిలో ఉంటే ఎవడు ఏ దుకాణం మూసుకున్నా మీకేం కాదు అని బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు.

ప్రశ్నలడగమంటే పెదపారుపూడి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. "మేడం, రోజూ అంత రాసుకోవడానికి ఏముంటుందండీ? ఏదన్నా ఉంటే ఎవరో ఒకళ్లకి చెప్పేస్తాం కదా" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. ఇంట్లో చెప్పడానికి మనుషులున్న పిల్ల. "మంచి ప్రశ్న" అని చెప్పి కూర్చున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం పని మొదలుపెట్టాను. మర్నాటినుంచి దసరా సెలవులు, పొద్దున్నే కోడూరు బయల్దేరాలి. ముందు ఆరోజు నోటు కూడా, సెమినారు సంగతులతో కలిపి, రాసేశాను. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఆ యాప్ తెరిచి, అన్నీ టెక్స్ట్ ఫైళ్లుగా ఒక ఫోల్డరులోకి దించమన్నాను. నీలం గీత ఎడమనుంచి కుడికి పాకింది, పూర్తయిందని చెప్పింది. ఫోల్డరు తెరిస్తే నిండుగా ఉంది. యూనిట్ వన్, యూనిట్ టూ, ల్యాబ్ మాన్యువల్, ఇలా నా పాఠాల నోట్సన్నీ వాటి పేర్లతో కనిపించాయి. మధ్యలో "శ్రీ" కూడా కనిపించింది. తెరిచి చూశాను. వత్తులు, గుడులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. అప్పుడే రాసిన నోటు, అక్షరం పొల్లు పోలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ కంపెనీ మీద కోపం ఇంకా దిగలేదు. మీరు నా ముఖాన తలుపు వేసేదేంటి, నేనే వేస్తానని, నా ఖాతాను శాశ్వతంగా చెరిపెయ్యమన్నాను. "మీరు చేస్తున్నదేమిటో మీకు తెలుసా" అన్నంత మర్యాదగా అడిగింది అది. తెలుసని నొక్కాను. ఫోనులో ఉన్నది కూడా దానంతటదే ఖాళీ అయిపోయింది. ఆ ఫోల్డరుని ఫోనులోకి ఎక్కించుకుని, తృప్తిగా బట్టలు సర్దుకున్నాను.

బస్సు చల్లపల్లి దాటాక, అక్కకి ఏవేవి చదవాలో వరస పెట్టుకుందామని ఫోను తీశాను. ఫోల్డరులో "శ్రీ" అని వెతికితే ఒకటే వచ్చింది. మళ్లీ వెతికాను. ఒకటే. ఫోల్డరు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి వేలితో తోసుకుంటూ చూశాను. పాఠాలు, ల్యాబులు, పాత పరీక్ష పేపర్లు. శ్రీ ఒక్కటే. అప్పుడు నాకు తెలిసింది. ఒక ఫోల్డరులో ఒక పేరుతో ఒక్క ఫైలే ఉంటుంది. మొదటి శ్రీ మీద రెండోది వచ్చి కూర్చుంది, దానిమీద మూడోది, అలా ఇన్నేళ్ల సాయంత్రాలూ ఒకదాన్నొకటి చెరుపుకుంటూ వచ్చి, చివరి ఆదివారం ఒక్కటీ మిగిలింది. ఫస్టియరు పిల్లలకు మొదటి నెలలోనే చెప్పే పాఠం అది. మోపిదేవి వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. నేను పక్కావిడ దగ్గర మంచినీళ్లు అడిగి తాగాను.

బస్సులోంచే కంపెనీకి మెయిలు పెట్టాను. "మీ సందేశం అందింది" అని యంత్రం జవాబిచ్చింది. అంతకుమించి ఇప్పటిదాకా ఏమీ రాలేదు, ఇక రాదు కూడా.

నేను ఏడ్చింది ఆ రాతల గొప్పతనం కోసం కాదు. వాటిల్లో గొప్పేముంది? జామకాయలు, హాజరు మెషీను. కానీ ఆ సాయంత్రాలు జరిగాయని తెలిసిన మనిషి ఈ లోకంలో ఎవరూ లేరు. నేను ఏం తిన్నానో, దేనికి నవ్వానో, ఎప్పుడు జ్వరమొచ్చిందో చూసినవాళ్లు లేరు. అక్కకి చెబితే ఆ రోజులు ఇద్దరివి అవుతాయనుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి లేదు. ఆవిడ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తున్నాను, సంచిలో బందరు లడ్డూలు ఉన్నా సరే.

కోడూరులో ఇల్లంతా సందడిగా ఉంది. తమ్ముడు, మరదలు, వాళ్ల కొడుకు, కోడలు, మనవలు. టీవీ మోగుతోంది. వాళ్లకు రొయ్యల ఇగురు, నాకోసం విడిగా దొండకాయ వేపుడు. "పంతులమ్మ గారికి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టాం, భయపడకుండా తిను" అని అక్క ఎప్పటిలాగే ఎగతాళి చేసింది. నేను నవ్వినట్టే కనపడాలని చూశాను. అక్క నా ముఖం ఒకసారి చూసి, ఇంకో గరిటె వేపుడు వడ్డించింది.

పాలకాయతిప్పలో ఆరోజు సముద్రపు గాలి మహా జోరుగా ఉంది. సరుగుడు చెట్ల కింద తువ్వాలు పరిచి, నాలుగు మూలలా ఇసుక పోస్తే గానీ నిలవలేదు. అక్క కుడిపక్కన కూర్చున్నాను. గుర్తున్నవి ఏవో చెప్పబోయాను. జామకాయలావిడ తిట్టిందని గుర్తుంది గానీ ఏమని తిట్టిందో గుర్తు లేదు. మౌసు కడిగిన కుర్రాడి సంగతి చెప్పాను. చెప్పాక, ఎక్కడ నవ్వాలో కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. అక్క భుజాలు కదల్లేదు.

"ఏమైందే? ఫోనులో చూసి చదువుతావు కదా?" అంది.

చెప్పేశాను. గాలికి అడ్డంగా చెయ్యి పెట్టి, అరిచి మరీ చెప్పాను. అన్నీ పోయాయక్కా, నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను, ఒక్క నిన్నటిది మిగిలిందని.

"నిన్నటిదుందిగా. అదే చదువు."

ఫోను తీసి మొదలుపెట్టాను. సెమినారులో మైకు మాటిమాటికీ కూసిందనీ, ప్రిన్సిపాలు గారు చివర్లో వక్తలకూ శ్రోతలకూ మైకుకూ వరసపెట్టి ధన్యవాదాలు చెప్పారనీ. గాలి నా మాటల్ని ఎత్తుకుపోతోంది. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది, ముందుకు వంగింది, అయినా అందలేదు. "ఇలా తే, నేనే చదువుకుంటా" అని ఫోను నా చేతిలోంచి తీసుకుంది. జాకెట్టులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది.

మైకు దగ్గర ఆవిడ భుజాలు ఒకసారి ఊగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క బొటనవేలు తెర మీద ఇంకా కిందకి జరిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మామూలు టెక్స్ట్ ఫైలులో మడతలుండవు. త్రికోణాలుండవు. పైదీ కిందదీ అంతా బాహాటంగా, ఒకే వరసలో ఉంటుంది.

"అక్కా, ఇంక చాలు, ఇటివ్వు" అని లాక్కోబోయాను. ఆవిడ భుజం అడ్డం పెట్టి అటు తిరిగి చదివింది. పెదాలు కదుపుతూ చదవడం ఆవిడకు అలవాటు. ఆ పెదాల మీద నా మాటలు నాకు కనిపించాయి.

"అక్కకి చెప్పనివి. ఇవాళ ఆదివారం. పొద్దుట్నుంచీ నా గొంతు నేను వినలేదు. సాయంత్రం ఒకసారి పైకి అక్కా అని పిలిచి చూశాను. గొంతు ఉంది."

అక్క వేలితో మళ్లీ పైకి జరుపుకుంది. రెండోసారి చదివింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్యి అన్నిట్లోనూ రాసేదానివా?"

"కొన్నిట్లో."

"కొన్నిట్లోనేనా?"

"అన్నిట్లోనూ."

"ఇయ్యి కింద పెట్టుకుని, పైవి చదివి నన్ను నవ్వించి పోయేదానివా ఇన్నాళ్లూ?"

నాకు కోపమొచ్చింది. దొరికిపోయినప్పుడు నాకు వచ్చేది కోపమే. "మరేం చెయ్యమంటావ్? ఇంత దూరం వచ్చి ఏడవమంటావా? వచ్చేదే ఎప్పుడో ఒకసారి" అన్నాను. అరవక్కర్లేనంత దగ్గరగా ఉండి కూడా అరిచాను.

అక్క ఇసుకలోంచి ఒక సరుగుడు కాయ తీసి, దానిమీది ఇసుక దులుపుతూ కూర్చుంది. నావైపు చూడకుండానే మాట్లాడింది.

"మా ఇంట్లో ఎంతమందో చూశావుగా. అన్నాల దగ్గర అందరూ ఒక్కసారే నవ్వుతారు. ఎందుకో నాకు తెలీదు. నేనూ నవ్వుతా. ఏంట్రా అని అడిగితే చెప్తారు, మంచోళ్లే. అదీ సగమే ఇనపడుద్ది. రెండోసారి అడగబుద్ధి కాదు. పిల్లలైతే ఏం లేదులే మామ్మా అనేసి ఎళ్లిపోతారు. నాకు మొత్తం ఇనపడేది నువ్వొచ్చి చదివినప్పుడే."

నాకు ఏడుపు ఆగలేదు. ఇంటినిండా మనుషులున్నారు కదా, ఆవిడకేం లోటని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ కొంగుతో నా ముఖం తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు మొరటుగా, ముక్కు నొప్పి పుట్టేలా.

"పోయినయ్యి పోయినయ్యిలే. సగం నేను విన్నానుగా. ఆ కవుతరం స్టేషన్ మాస్టారు వేలు ఊది పెట్టింది నాకు గుర్తే" అంది.

"స్టేషన్ మాస్టారు కాదక్కా, మా ప్రిన్సిపాలు గారు."

"ఎవరైతే ఏంలే, ఊదాడుగా" అంది. అప్పుడు ఆవిడ భుజాలు ఊగాయి. నావీ ఊగాయి.

అక్క తమ్ముడు ఆటో హారను కొట్టాడు. తువ్వాలు దులుపుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని లేచింది. లేచాక కూడా వదల్లేదు.

"ఈసారొచ్చినప్పుడు ముందు కింద రాసినయ్యి చదువు. నవ్వుకునేయి, టైముంటే చూద్దాం" అంది.

తిరుగు బస్సు పులిగడ్డ ఇరుకు వంతెన దగ్గర ఎదురు బండి కోసం ఆగింది. పొద్దుగూకుతోంది. నేను ఫోను తీసి, ఏ కంపెనీదీ కాని ఉత్త టెక్స్ట్ ఫైలు కొత్తది ఒకటి తెరిచాను. వేలు దానంతటదే శ్రీ కొట్టింది. దాచబోతే, ఈ పేరుతో ఒక ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా అని అడిగింది. వద్దన్నాను. శ్రీ పక్కనే తేదీ వేశాను. దాని కింద, బందరు చేరేసరికి చీకటి పడుతుందనీ, మేడమీద లైటు వేసి ఉంచేవాళ్లెవరూ లేరనీ రాశాను. రాశాక ఆ లైనుకు పైన ఖాళీ వదిలిన చోట "అక్కకి చెప్పాలి" అని పెట్టాను.